పెద్దమ్మ తీసుకున్న వివరణ

పొద్దున్నే మా కుటుంబం ఫోను గ్రూపులో ఒక మేనల్లుడు, రాయికోడ్‌లో ఉండే మా చిన్నాయన పోయాడని పెట్టాడు. నేను చదివేలోపే దండం పెట్టే చేతులు వరసగా పడ్డాయి. ఎందుకో మనసొప్పక చిన్నాయనకే ఫోన్ చేశాను. ఆయనే ఎత్తాడు. "ఇంకా పోలె బిడ్డా, చాయ్ తాగుతున్న" అన్నాడు. ఫోను పెట్టేసి చాలాసేపు నవ్వుకున్నాను. మా పెద్దమ్మ ఉంటే ఆ మేనల్లుడి చెవి మెలిపెట్టేది.

ఎనభైల మొదట్లో జహీరాబాద్‌లో పెద్దమ్మ ఇంట్లో ఉండి, పోస్టులో వచ్చే పాఠాలతో పత్రికా రచన డిప్లొమా చదివేవాణ్ణి. పైకి చదివితే తప్ప నాకు బుర్రకెక్కదు. పరువు నష్టం, కోర్టు ధిక్కారం, వార్తల్లో నీతి, వాక్యం పొట్టిగా ఉండాలనే భాషా పాఠం, అన్నీ వాకిట్లో కూర్చుని గట్టిగా చదువుతుంటే పెద్దమ్మ విత్తనపు అల్లం ఏరుతూ వినేది. ఆవిడకు అక్షరం రాదు. కానీ బజారులో ఎవరింట్లో ఏం జరిగినా ఆ ఇంటివాళ్ళకంటే ముందు ఆవిడకే తెలిసేది. తెలిసినదాన్ని కడుపులో దాచుకునే అలవాటూ లేదు. అలాంటి మనిషికి పరువు నష్టం పాఠం వినేసరికి ముచ్చెమటలు పట్టాయి. "గింత మాటకు జైలా?" అంది. రుజువు లేకపోతే అంతేనన్నాను. ఆ రోజు అల్లం సగమే ఏరింది. ఆ తర్వాత, అవతలివాళ్ళ వివరణ లేకుండా ఎవరిమీదా వార్త రాయకూడదనే పాఠం వచ్చింది. అది ఆవిడను పట్టుకుంది. చాడీలు మోసుకొచ్చిన వాళ్ళను గడపలోనే నిలబెట్టి "ఆమెను అడిగినవా?" అనేది. కొన్నాళ్ళకు మా వాకిట్లో ఆడవాళ్ళ రాకపోకలు పలచబడ్డాయి. ఇల్లు ప్రశాంతమైందని పెద్దనాయన నాకు రోజూ ఒక చాయ్ ఎక్కువ పోయించేవాడు.

మరుసటి యేడు ఆవిడ కూతురికి, అంటే మా చెల్లెలికి, చిరాగ్‌పల్లి సంబంధం కుదిరింది. అబ్బాయి ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డులో పనిచేసేవాడు. అతని మాట వస్తే చాలు, చెల్లెలు ఏదో పని ఉన్నట్టు లోపలికి పోయి నవ్వుకునేది. అంతలో పెద్దనాయన తమ్ముడు బస్సు దిగి నేరుగా మా ఇంటికొచ్చాడు. "పిలగాడు పట్టపగలు తాగి చెరుకు ట్రాలీ కింద పడున్నడు. బస్సులకెల్లి చూసిన" అన్నాడు.

"మొఖం చూసినవా?" అంది పెద్దమ్మ.

"కాళ్ళు చూసిన. ఆ పిలగాడే అని బస్సుల ఒకాయన చెప్పిండు."

"తాగిన కాళ్ళని ఎట్ల ఎరుకైంది?"

మా వైపు సంబంధం వద్దనుకుంటే కారణం అడగరు, చెప్పరు. ఈ యేడు ముహూర్తాలు కుదరటం లేదని కబురు పంపి ఊరుకుంటారు. మొహం మీద అడిగితే, అడిగినందుకే సంబంధం పోతుంది. పెద్దనాయన ఆ కబురే పంపబోయాడు. లోపల చెల్లెలి ఏడుపు వినపడుతోంది. పెద్దమ్మ చీర మార్చుకుని వచ్చి నాతో "నడువు, వివరణ తీసుకుందం" అంది.

చిరాగ్‌పల్లిలో అబ్బాయి తల్లి మంచినీళ్ళు ఇచ్చిందో లేదో, పెద్దమ్మ విన్నదంతా విన్నట్టే అడిగేసింది. ఆ తల్లి మొహం గంటు పెట్టుకుంది. నా పాఠం చెల్లెలి పెళ్ళి చెడగొడుతోందనుకున్నాను. అక్కడే ఉన్న అబ్బాయి మాత్రం తొణకలేదు.

"ట్రాలీ కింద ఉన్నది నిజమే అత్తమ్మా. బోల్టు ఊడితె కిందికి దూరి బిగించిన. తాగుడంటరా, దసరాకు జర తాగుత." తల్లి ఉరిమి చూసినా ఆపలేదు. "మేం గూడ మీ గురించి ఒకటి విన్నం. అడగనా?"

"అడుగు."

"మీ చెవిన పడ్డ మాట పొద్దుగూకక ముందే జహీరాబాదంత తిరుగుతదంట. నిజమేనా? మా అమ్మకు గదే ఫికర్."

పెద్దమ్మ గ్లాసు కింద పెట్టింది.

"నిజమే బిడ్డా. నిరుటి దాక."

ముందు నవ్వింది అబ్బాయి తల్లే. "కూసో వదినె, చాయ్ పెడత" అని లేచింది. పెళ్ళి అనుకున్న ముహూర్తానికే జరిగింది.

నేను డిప్లొమా గట్టెక్కి, రిటైరయ్యేదాకా పత్రికల్లోనే పనిచేశాను. పెద్దపెద్ద వాళ్ళను వివరణ అడిగాను. అందరూ అంతా అబద్ధమే అన్నారు. తన మీదొచ్చిన మాటంతా నిజమేనని ఒప్పుకున్నది మా పెద్దమ్మ ఒక్కతే. మనిషి మారడానికి ఆవిడకు ఒక యేడు సరిపోయింది. అదెంత పెద్ద సంగతో తెలియడానికి నాకు నా ఉద్యోగకాలమంతా పట్టింది.