మావాడు రాసినవి దిద్దొద్దన్నాను

మా చిన్న కొడుకు చనిపోయి ఏడాది కావస్తోంది. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాడు. వాడితో పనిచేసిన సురేష్ ఈ రోజు నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు నన్ను చూడటానికి వచ్చాడు. ప్రోగ్రాముల మధ్యలో మావాడు రాసిపెట్టిన వివరణల్లో, కామెంట్లంటారట వాటిని, స్పెల్లింగు తప్పులు దిద్దుతున్నానని మాటల్లో చెప్పాడు.

“తప్పులుంటే పని నిలిచిపోతాదా నాయనా?”

“లేదమ్మా. అవి మిషన్ చదవదు, మేం చదువుకునేదానికే.”

“అయితే వదిలెయ్ నాయనా, నీకు దండం పెడతా. వాడు విడిచిన చొక్కానే నేనింకా ఉతకలేదు.”

సురేష్ తల దించుకున్నాడు. “మా సార్ అడిగితే ఏం చెప్పాలమ్మా?”

“వాళ్లమ్మ వద్దనిందని చెప్పు.”

చెప్తానని వెళ్లాడు. ఆఫీసుల్లో అమ్మ మాట చెల్లుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి. అంతవరకు నాకు అన్నం దిగదు.