చారులో తేలిన కప్పీ

2023వ సంవత్సరం, వానలు ఇంకా పూర్తిగా వెనకబట్టని భాద్రపదం. ఏలూరులో కాలువ గట్టుకి దగ్గరగా నాకొక చిన్న వర్క్‌షాపు ఉంది. నేను స్కేల్ మోడల్స్ చేస్తాను. కట్టబోయే అపార్ట్‌మెంటునో కల్యాణ మండపాన్నో అసలు కొలతలో వందో వంతుకి తగ్గించి, చెక్కతోనూ అట్టతోనూ ముందుగా కట్టి చూపించడమన్నమాట. బిల్డర్లు ఆ బొమ్మని గాజుపెట్టెలో పెట్టుకుని ఫ్లాట్లు అమ్ముకుంటారు. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివి ఈ పనిలో పడ్డాను. ఇన్నేళ్లుగా ఊళ్లోవాళ్ల ఇళ్లన్నీ కడుతున్నాను గానీ, మా ఇంటి మేడమెట్లకి ఇప్పటికీ సిమెంటు పూత లేదు. మా ఆయన వాటికి "శారద గారి నిజం సైజు మోడల్" అని పేరు పెట్టారు.

ఆ మధ్యాహ్నం వాన వెలిసి, కాలువ మీంచి వచ్చిన వెలుతురు షాపు పైకప్పు మీద మెల్లగా కదులుతోంది. నాకు ఆ వెలుతురంటే ఇష్టం. పని ఆపేసి దాన్నే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు గుమ్మంలో ఒక పెద్దాయన కనిపించారు. పంచె, తెల్ల చొక్కా, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు చేతుల్లో ఒక అట్టపెట్టె.

"అమ్మాయ్, నువ్వు ఇళ్లే కడతావా, ఓడలు కూడా కడతావా?"

"నీళ్లలో తేలక్కర్లేకపోతే ఏదైనా కడతానండి."

ఆయన నవ్వి పెట్టె తెరిచారు. లోపల సగం కట్టిన చెక్క ఓడ ఉంది. రెండు స్తంభాల తెరచాప ఓడ. పక్కటెముకలు కనిపిస్తున్నాయి, పలకలు ఒక వైపే పడ్డాయి. మేడల బొమ్మలు తప్ప ఎరగని నా బల్ల మీద దాన్ని పెట్టగానే షాపంతా కాస్త ఊగినట్టు అనిపించింది నాకు.

ఆయన పేరు రామభద్రం గారు. తాడేపల్లిగూడెంలో ఉంటారు. ఇరిగేషన్ ఆఫీసులో పని చేసి రిటైరయ్యారు. "జీవితమంతా లాకుల దగ్గర నీళ్లు వదలడం, నీళ్లు ఆపడం, ఇదే పని అమ్మా. ఆ నీళ్లు ఏ సముద్రంలోకి పోతున్నాయో వెనకాలే వెళ్లి చూసింది లేదు. అందుకని ఈ ఓడ," అన్నారు.

అది కిట్ ఓడ. కిట్ అంటే ఓడకి కావలసిన భాగాలన్నీ కోసి, సంచుల్లో సర్ది అమ్ముతారు. మనం కూర్చుని అతుక్కోవాలి. తీరా మొదలుపెట్టాక చూస్తే పలకలు చాల్లేదట. తాళ్లు బిగించే కప్పీల సంచి సగమే ఉందట. మిరియపు గింజంత ఉంటాయవి, బావి గిలకకి మనవళ్లనుకోండి. అమ్మిన బొంబాయి షాపుకి ఫోన్ చేస్తే ఆ కిట్టే ఇప్పుడు రావడం లేదు, విడిభాగాలు దొరకవు అన్నారట.

"నిదానంగా వెతుకుదాం లెండి బాబాయ్ గారూ."

"నిదానమంటే కుదరదమ్మా. దసరా వెళ్లాక బెజవాడలో గుండె ఆపరేషన్ పెట్టారు. బైపాస్. ఆ బల్ల మీద పడుకున్నప్పుడు, ఇంట్లో పని సగంలో ఉందన్న దిగులు నాకు ఉండకూడదు. ఇది పూర్తయిందంటే నాకింకేం పనుంది? హాయిగా ఇందులో ఎక్కి వెళ్లిపోనూ?"

నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారని మా అమ్మ చెప్పే మాట గుర్తొచ్చి, ఆయన అన్నది వాళ్ల చెవిన పడకూడదని, అక్కర్లేకపోయినా ఫ్యాను వేగం పెంచాను.

కొలతలు రాసుకుని ఓడని ఆయనతోనే పంపేశాను. రెండు వారాల పాటు నేను బిల్డర్ల పని పక్కన పడేసి ఓడ సామాను వేటలో తిరిగాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా ఆయన దెప్పిపొడిచారు. దురదే మరి. పలకలకి పాత టేకు తలుపు ముక్క కోయించి, అట్టంత పల్చగా చీల్చి, ఇడ్లీ పాత్రలో ఆవిరి పట్టి వంచాను. వంపు కుదిరిందిగానీ రెండు రోజులు మా ఇంట్లో ఇడ్లీలు టేకు వాసన కొట్టాయి. సన్నటి రాగి తీగ మోటార్లు చుట్టే షాపులో దొరికింది. కప్పీలకి మటుకు ఎక్కడా దారి కనబడలేదు. చివరికి గుడి ముందు దుకాణంలో తులసి పూసల దండ చూశాను. పూసకి మధ్యలో తాడు పట్టే గాడి తీసి, ఇంకో బెజ్జం వేస్తే అచ్చంగా కప్పీయే.

రిగ్గింగుకి, అంటే స్తంభాల నుంచి దిగే తాళ్ల అల్లికకి, సన్నటి గట్టి దారం కావాలి. దానికోసం కైకలూరు వైపు వలలు అల్లేవాళ్ల దగ్గరికి వెళ్లాను. తిరిగొస్తుంటే కొల్లేటి మీద పొద్దు వాలుతోంది. చేపల చెరువుల గట్లు, వాటి అవతల కిక్కిస గడ్డి, ఆ వెనక నీళ్లూ ఆకాశమూ కలిసిపోయిన తెల్లదనం. గూడబాతులు కదలకుండా నీటి మీద నిలబడి ఉన్నాయి, ఎవరో మోడల్ చేసి పెట్టినట్టు. ఆటోలో కూర్చుని ఒళ్లో దారపు ఉండ పట్టుకుని, ఇంత నీటిలో ఆ ఓడని వదిలితే ఎటు పోతుందా అని ఆలోచించుకున్నాను. ఎటూ పోకూడదనిపించింది. ఆయన నాకేమవుతారని? అయినా అనిపించింది.

సామాను గూడెం, అదే తాడేపల్లిగూడెం, పంపాను. వారం తిరక్కుండా ఫోను. "అమ్మాయ్, నాలుగు కప్పీలు తక్కువొచ్చాయి." పంపాను. మళ్లీ ఫోను. "పలక ఒకటి కనబడ్డం లేదు." పంపాను. ఇంకోసారి తెరచాప కొయ్య. నా లెక్క తప్పుతోందా అని నామీద నాకే అనుమానం వచ్చింది, ఆ తర్వాత చిరాకూ వచ్చింది. ఈసారి అన్నీ డబ్బాలో పెట్టుకుని, ఆయన కళ్లముందే అప్పజెబుదామని బస్సెక్కాను. ఉంగుటూరు దగ్గర చేలు పొట్టమీదున్నాయి. కిటికీలోంచి ఆ పచ్చదనం చూస్తూ చూస్తూ చిరాకు సగం దిగిపోయింది.

వాళ్లింట్లో ఓడ హాల్లో కిటికీ పక్కన ఉంది. ఆయన కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని తాడు ముడి వేస్తున్నారు. నన్ను చూసి సుబ్బలక్ష్మి గారు, ఆయన భార్య, "రామ్మా, ముందు భోంచేద్దువుగాని," అని వంటింట్లోకి పిలిచారు. చారు పొయ్యి మీద మరుగుతోంది. పోపు పెట్టడానికి ఆవిడ పోపుల డబ్బా తెరిచారు. ఆవాలు, జీలకర్ర, మెంతులు, మిరియాలు. మిరియాల గిన్నెలో కొన్ని గింజలు తేనెరంగులో ఉన్నాయి. ఒక్కోదానికీ చుట్టూ గాడి, మధ్యలో బెజ్జం.

నేను ఒకటి తీసి వేలిమీద పెట్టుకున్నాను. ఆవిడ గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయారు.

"పిన్నిగారూ, ఇవి కిట్‌లోవి కదండీ. మరి నేను పంపిన తులసివి ఏవండీ?"

"దేవుడి అరలో పెట్టానమ్మా. తులసి పూసల్ని పోపుల డబ్బాలో ఎలా పెడతాను, పాపం కాదూ?" అన్నారు మెల్లగా. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. ఆవిడ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశారు.

"ఆయన రోజూ అదే మాటమ్మా. ఓడ పూర్తయితే ఎక్కి వెళ్లిపోతానంటారు. ఎక్కడికైనా వెళ్లేటప్పుడు వెళ్లొస్తాననాలి గానీ వెళ్తాననకూడదండీ అని మొత్తుకున్నా వినరు. పని మిగిలుందనుకో, దానికోసమైనా తిరిగొస్తారు కదా. అందుకని తీసి దాస్తున్నాను. ఆయనకి చెప్పకమ్మా, నీకు పుణ్యముంటుంది."

తెచ్చిన డబ్బా ఆయనకి అప్పజెప్పి భోజనానికి కూర్చున్నాను. ఆయనకి ఓడ పూర్తవ్వాలి. ఆవిడకి పూర్తవ్వకూడదు. నాకు ఆర్డరిచ్చింది ఆయన. నా చేతులు పట్టుకుని బతిమాలింది ఆవిడ. మేడల మోడళ్లలో ఇలాంటి చిక్కు ఎప్పుడూ రాలేదు.

బస్సు దాకా సాగనంపుతానని ఆయన నాతో వీధి చివరి వరకూ నడిచారు. కాస్త నడిస్తే ఆయాసం వస్తోంది. కాలువ వంతెన దగ్గర ఆగి, పిట్టగోడ మీద చేయి ఆన్చి అన్నారు: "కప్పీలు చూశావా?"

నేను సంచీ భుజం మార్చుకున్నాను.

"మొన్నొకరోజు చారులో తేలిందమ్మా ఒకటి. కరివేపాకు తీసి పక్కన పెట్టినట్టు తీసి, చొక్కా జేబులో వేసుకున్నాను. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టానుగానీ పట్టుకున్నట్టు చెప్పలేదు."

"మరి ఎందుకండీ మళ్లీ మళ్లీ నాకు ఫోన్లు చేస్తున్నారు?"

"నాకు తెలుసని ఆవిడకి తెలిస్తే దాచడం మానేస్తుంది. మానేస్తే ఇంక ఆవిడకి కంటిమీద కునుకుండదు. ఓడ పూర్తవ్వాలి, ఆవిడ దాచనూ దాచాలి. రెండూ జరగాలంటే నువ్వు చేస్తూ ఉండాలి అమ్మాయ్." కిందికి పోతున్న నీళ్లని చూస్తూ ఇంకో మాట అన్నారు. "నాకూ భయంగానే ఉందమ్మా. ఆవిడ దగ్గర అనలేక ఓడ మీద పెట్టి అంటున్నాను."

వచ్చాక నేను మరిన్ని పూసలు కొన్నాను. ఆయన అడక్కముందే పంపడం మొదలుపెట్టాను. ఆవిడ దాచే వేగం కంటే నా చేతి వేగం ఎక్కువుండాలని పంతం. దసరా వెళ్లింది. పలకలన్నీ పడ్డాయి, తెరచాపలు లేచాయి. బెజవాడ ప్రయాణం రేపనగా, ఓడకి కొలిచి చేసిన గాజుపెట్టె పట్టుకుని గూడెం వెళ్లాను.

ఓడ బల్ల మీద సిద్ధంగా ఉంది. కిటికీ ఎండ తెరచాపల్లోంచి దూరి గోడమీద లేత పసుపుగా పరుచుకుంది. ఆ గదికి కింద ఎక్కడో నీళ్లున్నాయనిపించేటంత నిశ్శబ్దం. సుబ్బలక్ష్మి గారు వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"అన్నీ అయ్యాయమ్మా," అన్నారు రామభద్రం గారు. "ఒక్క లంగరే లేదు."

లంగరు ఇత్తడిది, కిట్‌తో వచ్చింది. అలాంటిది నా దగ్గర లేదు, చేయించే వ్యవధీ లేదు. గుమ్మం వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను. ఏదో ఒకటి మాట్లాడాలని నా వృత్తి మాటే ఎత్తాను. "లంగరు ఎలా పెట్టాలో మీరింకా చెప్పలేదండీ. పైకి ఎత్తి అంచుకి కడితే అది బయల్దేరిన ఓడ. తాడుతో కిందికి దించితే ఆగి ఉన్న ఓడ. మోడల్‌లో రెండు రకాలూ చేస్తారు."

ఆయన ఓడ అంచుని వేలితో తడిమారు. తర్వాత తల తిప్పకుండానే అన్నారు. "ఏమోయ్, దించుదామా? నీ దగ్గరే ఉందిగా."

ఆవిడ ఉలిక్కిపడ్డారు. "మీకు... మీకెలా తెలుసండీ?"

"చారు చెప్పిందోయ్."

ఆవిడ ముఖం ఎర్రబడింది. కోపమో సిగ్గో నేను చెప్పలేను. మెల్లగా మెళ్లోంచి సూత్రాలు పైకి తీశారు. అక్కడ పిన్నీసుల మధ్య, గోరంత ఇత్తడి లంగరు వేలాడుతోంది. ఇన్నాళ్లూ అది ఆవిడ గుండెల మీదే ఉంది. విప్పి తెచ్చి, నేను తాడు అందించబోతే, "ముడి నేను వేస్తాను, నాకొచ్చు," అన్నారు. ఆవిడ కొల్లేటి లంకలో పుట్టిన మనిషి. "మా నాన్న తాటిదోనెని రాటకి ఇలాగే కట్టేవాడు. ఎంత గాలొచ్చినా పొద్దున్నకి అక్కడే ఉండేది."

ముడి బిగించి, లంగరుని ఓడ పక్కనుంచి కింద చెక్క మీదికి దించారు. టక్కుమని చిన్న చప్పుడైంది. ముగ్గురం విన్నాం. రామభద్రం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఇంక ఇది ఎక్కడికీ పోదు," అన్నారు. ఆ తర్వాత ఓడతో, నిజంగా ఓడతోనే, "రేపు మేమిద్దరం వెళ్లొస్తాం. ఉండు," అన్నారు. వెళ్లొస్తాం అన్నందుకు ఆవిడ ఆయన వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆపరేషన్ రోజు నేను ఏ పనీ సరిగా చేయలేదు. అతికించిన కిటికీలే మళ్లీ అతికించాను. సాయంత్రం సుబ్బలక్ష్మి గారు ఫోన్ చేసి "కళ్లు తెరిచారమ్మా" అన్నారు. ఆ ఒక్క ముక్కకే నేను షాపులో బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను.

ఈ వృత్తిలో పార్టు తక్కువైతే ఎక్కడ దొరుకుతుందో వెతకడం అందరూ నేర్పుతారు. అది లేకపోవడం ఎవరికి కావాలో కనుక్కోవడం ఎవరూ నేర్పరు. నాకు గూడెంలో ఒక వంటిల్లు నేర్పింది. ఇప్పుడు ఏ ఇంటి నుంచైనా సామాను తక్కువైందని కబురొస్తే, నేను ముందు ఆ ఇంటికి వెళ్లి కాసేపు కూర్చుంటాను.

సంక్రాంతి ముందు ఓ మధ్యాహ్నం రామభద్రం గారి ఫోను వచ్చింది. గొంతు కాస్త బలహీనంగా ఉందిగానీ నవ్వు మటుకు పాతదే.

"అమ్మాయ్, ఇప్పుడే భోజనానికి కూర్చున్నాను. చారులో ఇంకో కప్పీ తేలింది. ఓడ మీద చూస్తే అన్నీ ఉన్నాయి. దీన్ని ఎక్కడ పెట్టమంటావు?"

"మళ్లీ పోపుల డబ్బాలోనే వేసేయమనండి బాబాయ్ గారూ. ఇంట్లో ఒకటి మిగిలుండాలి."

అప్పటి నుంచి నేను ఎవరికి ఏ మోడల్ ఇచ్చినా ఒక భాగం అదనంగా ఇస్తున్నాను. మా ఇంటి మేడమెట్లకి మాత్రం ఇంకా సిమెంటు పూయించలేదు. మా ఆయన కూడా ఈ మధ్య అడగడం మానేశారు.