రత్నం సిస్టర్ అడగమన్న ప్రశ్న

పద్నాలుగేళ్ల క్రితం రత్నం సిస్టర్‌కి ఒక మాట ఇచ్చి తప్పాను.

నిన్న పొద్దున దువ్వాడ స్టేషన్‌లో ఉండగా ఆవిడ కూతురు ఫోన్ చేసింది. "అమ్మ పోయిందండి మాస్టారూ."

"సరే" అని పెట్టేశాను.

ఎందుకలా అన్నానో తెలియడం లేదు. ఎక్కాల్సిన రైలు వచ్చింది, వెళ్లిపోయింది. నేను అక్కడే నిలబడ్డాను.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. నూకరత్నం పిల్లల వార్డులో నర్సు. సముద్రం మీద చేపల వేటకెళ్లే కుటుంబంలో పుట్టిన మనిషి. నేను రిటైరైన తెలుగు లెక్చరర్ని. దీర్ఘరోగాలున్న పిల్లలకు రోజులెలా గడుస్తున్నాయో అడిగే ఇంగ్లిష్ ప్రశ్నాపత్రం ఒకటి ఉంది. దాన్ని తెలుగులో పెట్టే పని ఆ వార్డు డాక్టర్ మురళీధర్ మాకు అప్పగించాడు. నేను రాయాలి. రత్నం దాన్ని పిల్లలకు చదివి వినిపించి, ఏం అర్థమైందో కనుక్కోవాలి.

నా మొదటి డ్రాఫ్ట్ చూసి ఆవిడ అన్న మాట: "ఏటి మాస్టారూ, జొరమొచ్చిన పిల్లకి పరీచ్చ పెడతన్నారా?"

ఒళ్లు మండింది. అయినా మొత్తం తిరగరాశాను, ఆవిడ చెప్పినట్టే.

ఒకరోజు గౌరి అనే పిల్ల వచ్చింది. తొమ్మిదేళ్లు, గుండెజబ్బు. డాక్టర్ కూడా గదిలోనే ఉన్నాడు. 'తోటి పిల్లలు నీతో ఆడనంటారా?' అని ప్రశ్న.

తల్లి అందుకుంది. "దానికేటి బాద బాబూ, రోజూ ఆడతాది."

"వదినా, నువ్వెల్లి టీ తాగిరా. అడిగింది నిన్ను కాదు" అని రత్నం ఆవిణ్ణి బయటికి పంపేసింది. పిల్లల్ని అడిగితే పెద్దవాళ్లు జవాబు చెప్పడం మనకు అలవాటు కదా.

గౌరి కూడా 'ఎప్పుడూ అనరు' అన్న గడి మీదే వేలు పెట్టింది. కాగితం లెక్కలో బాధ సున్నా. నేను పేజీ తిప్పబోయాను.

రత్నం ఆపింది. "ఆటలో నువ్వేటి సేత్తావే?"

"అందరి సెప్పులకాడ కూకుంతాను. నాను లేపోతే కుక్కలట్టుకుపోవా?"

డాక్టర్ నవ్వాడు. నేనూ నవ్వాను. రత్నం నవ్వలేదు.

ఆ కాగితంలో బాధ కనిపించిన పిల్లల్నే కౌన్సెలర్ దగ్గరికి పంపుతారు. గౌరిని పంపరు. అందుకని తను అడిగిన ఆ ప్రశ్న కూడా చేర్చాల్సిందేనని రత్నం పట్టుబట్టింది. ఇంగ్లిష్‌లో లేనిది చేర్చకూడదని రూలు. దాన్ని మార్చాలంటే ప్రశ్నాపత్రాన్ని ఖాయం చేసే కమిటీ మీటింగులో అడగాలి. అక్కడికి నర్సుల్ని పిలవరు.

"మీరు సెప్పండి మాస్టారూ, మీ మాటైతే ఇంటారు."

చెప్తానని మాటిచ్చాను.

మీటింగులో నా తెలుగు ఎంత సహజంగా ఉందో అని అందరూ మెచ్చుకున్నారు. ఆ సహజత్వం ఎవరిదో నాకు తెలుసు. అయినా పొంగిపోయి కూర్చున్నాను. "ఇంకేమైనా ఉందా మాస్టారూ?" అని మురళీధర్ అడిగాడు.

లేదన్నాను.

వరండాలో రత్నం నా మొహం చూసి "పోన్లెండి" అంది. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత మేము మాట్లాడుకోలేదు.

నిన్న బస్సెక్కి వాళ్లింటికి వెళ్లాను. కూతురు ఒక ఖాళీ ప్రశ్నాపత్రం తెచ్చి చూపించింది. "రిటైరయ్యేదాకా దీన్నే జిరాక్సు తీయించి అడిగేదండి. తేడా కనిపిస్తే తనే పిల్లని కౌన్సెలర్ కాడికి తీసుకెళ్లేది."

అచ్చు ప్రశ్నలన్నీ అయ్యాక, అడుగున ఆవిడ చేతిరాతతో ఇంకో ప్రశ్న ఉంది. ఆటలో నువ్వేం చేస్తావు? దాని పక్కనే ఇలా రాసి ఉంది: 'ఇది మాస్టారు చేర్చమన్నారు.'

ఇదేమిటి? క్షమించిందా? వెక్కిరించిందా? నా పేరుంటే ఎవరూ అడ్డురారనుకుందా? ఇల్లంతా పుస్తకాలే, జీవితమంతా చదివాను. మూడు ముక్కల వాక్యం అర్థం కావడం లేదు. అడుగుదామంటే మనిషి లేదు.

నా తప్పు నాదే. ఎవరి మీదికీ నెట్టను. కానీ ఆ పిల్ల జవాబు చెవులారా విని కూడా, ఆ కాగితం చాలని సంతకం పెట్టిన పెద్దమనిషి ఇవాళ ఆస్పత్రి వాట్సాప్ గ్రూపులో పూలదండ బొమ్మ పెట్టి 'గొప్ప నర్సు' అని రాశాడు. అది చూశాకే ఈ పోస్ట్ మొదలుపెట్టాను.

రత్నమ్మా, ఇక డ్యూటీ లేదు. హాయిగా పడుకో. నీ మనసుకు శాంతి దొరకాలి.

నాకు మాత్రం కోపం చల్లారలేదు, డాక్టర్ మురళీధర్.