నాలుగు గదుల కంప్యూటర్

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే పల్లెల్లోకి వస్తున్న రోజులు. అనకాపల్లి బెల్లం మార్కెట్ ఎదుట నాకో కంప్యూటర్ షాపుండేది. వేలంలో పలికిన ధర రైతులకు మెసేజిగా పంపే పని నలుగురు కమిషన్ వ్యాపారులు నాకు అప్పగించారు. నలుగురూ రోజూ ఒకే బల్ల మీద టీ తాగుతారు గాని ఒకరి రైతుల పేర్లు ఒకరికి చెప్పరు. "నా రైతుల నంబర్లు పక్కోడి నంబర్లతో ఒక్క సోట ఉంటే ఊరుకోను బాబూ" అని వాళ్లలో పెద్దాయన ముందే అన్నాడు. మిగతా ముగ్గురిదీ అదే మాట. అలాగేనని నలుగురికీ మాటిచ్చాను.

నా దగ్గరున్నది ఒకే పాత సిస్టం. దాన్నే సాఫ్ట్‌వేర్‌తో నాలుగు కంటైనర్లుగా విడగొట్టాను. ఎవరి గది వారిది, ఎవరి డేటాబేసు వారిది. రెండు గదులతో బాగానే నడిచింది. నాలుగూ నిండాక, సరిగ్గా వేలం ఊపందుకునే వేళకి, సెకనులో వెళ్లాల్సిన మెసేజి గంటలు గడిచినా కదిలేది కాదు.

కాలుగాలిన పిల్లిలా షాపులోకీ రోడ్డు మీదకీ తిరిగేవాణ్ణి. మాడుగుల దగ్గర మా మేనమామ ఆ మెసేజి కోసమే కూర్చునేవాడు. ధర బాగుందని తెలిస్తేనే మధ్యాహ్నం వ్యానుకి మర్నాటి వేలానికి బెల్లం ఎక్కిస్తాడు. వచ్చేపోయే వాళ్లని ధర అడగడం మానేసి నా మెసేజిని నమ్మమని నేనే చెప్పాను. మూడుసార్లు వ్యాను వెళ్లిపోయాక అందింది. ఈలోగా ముసురు పట్టి బెల్లం దిమ్మలు చెమర్చాయి. మామ వాటిని గోనెగుడ్డతో తుడిచి పక్కన పెట్టుకున్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు మొదట ఫోన్ కంపెనీని తిట్టాను, తర్వాత కంటైనర్లని తిట్టాను. తప్పు వాటిది కాదు. గోడలు కట్టాను గాని లోపల మెమరీ ఒక్కటే. నాలుగు డేటాబేసులు ఒకేసారి లేచేసరికి అది చాలక, సిస్టం ప్రతిదానికీ హార్డ్‌డిస్కు దగ్గరికి పరిగెత్తేది. దాని గరగర వింటుంటే నాకు తిండి సయించేది కాదు. ఇంకాస్త మెమరీ పెడదామంటే ఆ పాత బోర్డు పట్టదు.

ఒక ఆదివారం చర్చి మానేసి షాపుకెళ్లి గోడలు తీసేశాను. నలుగురి నంబర్లూ ఒకే డేటాబేసులో పోశాను. ఎవరికీ చెప్పలేదు. సోమవారం మెసేజి సెకనులో వెళ్లింది. పెద్దాయన వచ్చి, తనకు వేరే గది ఇచ్చాను గనకే ఇంత జోరుగా ఉందని భుజం తట్టాడు. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

అయినా ఆగలేక మామకి ఫోన్ చేసి, మెసేజి టైముకి అందిందా అని అడిగాను.

"అందిందల్లుడూ. ఇప్పుడు నేను ధర బస్సు కండక్టర్ని అడిగి తెలుసుకుంటన్నాను. నీ మెసేజి తీరిగ్గా సూత్తాన్లే" అన్నాడు.