ఆప్రికాట్ పండుకు నేను పోసిన బలం

నా చిన్నప్పుడు మొత్తం పెడనలో ఆప్రికాట్ పండు రుచి తెలిసిన వీధి మాదొక్కటే. ఈ మాటలో కొంత కోత ఉందని మావాళ్ళు అంటారు. బందరులో ఏ షావుకారింట్లోనో తినే ఉంటారట. తిని ఉండొచ్చు. కానీ మూడు రకాలు, మూడు మూటల్లో, మంచు కొండల మీది నుంచి సరాసరి దిగింది మాత్రం మా ఇంట్లోనే. మిలట్రీలో పనిచేసే మా చిన్న మావయ్య సెలవు మీద వస్తూ ట్రంకు పెట్టెలో బట్టలు తగ్గించి ఎండు పళ్ళు నింపుకొచ్చాడు.

ఒక రకం ముదురు గోధుమ రంగులో, ముడతలు పడి, గింజతో ఉండేది. చూడ్డానికి ఏమీ బావుండదు గానీ చప్పరిస్తే తేనె. రెండోది నారింజ రంగులో మెత్తగా, గింజ తీసేసి ఉండేది. మూడోది చిన్నది, పాలిపోయినట్టుండి, నాలుక మీద పెడితే కళ్ళు వాటంతటవే మూసుకుపోయేంత పులుపు. అక్కడివాళ్ళు తనకు చెప్పిందే మావయ్య మాకు చెప్పాడు. గోధుమ రంగుది సత్తువనిస్తుంది, నానబెట్టి తింటే పొద్దున్నే కడుపు తేలిగ్గా ఉంటుంది. నారింజది కంటికి మంచిది, క్యారెట్‌లో ఉండేదే ఇందులోనూ ఉంటుంది. పుల్లది చారులోకి. తియ్యటి పండు గింజ పగలగొడితే లోపలి పప్పు బాదంలా ఉంటుంది, తినొచ్చు. పుల్లదాని పప్పు చేదు, అది విషం, నోట పెట్టకూడదు. ఇంత చెప్పి, లేచి చేతులు కడుక్కుంటూ, అన్నిట్లోనూ కాస్తో కూస్తో ఇనుము ఉంటుందట, రక్తానికి మంచిదట అన్నాడు. ఆ కాస్తో కూస్తోను నేను అక్కడే పెరట్లో వదిలేసి, మిగతాది పట్టుకుని వీధిలోకి పరిగెత్తాను.

మావయ్య వెళ్ళిపోయాక అమ్మమ్మ పుల్లవాటిని మామిడి ఒరుగుల్లాగే లెక్కగట్టి చేపల పులుసులో పడేసింది. తాతయ్య మారు వడ్డించుకున్నాడు గనక ఆ మూట త్వరగానే చిక్కిపోయింది. మిగతా రెండు మూటల మీద నేను పడ్డాను. నారింజ పండు తిని మా మావయ్య మంచులో మైలు దూరాన పాకే చీమను చూస్తాడని చెప్పాను. గోధుమ పండు తినే నూట ఇరవై ఏళ్ళ ముసలమ్మ రెండు చంకల్లో రెండు దూడల్ని పెట్టుకుని కొండెక్కుతుందని చెప్పాను. ఒక్క చేదు పప్పు సంగతే ఉన్నదున్నట్టు చెప్పేదాన్ని. విషమంటే నాకూ భయమే.

నా కథలకు అందరికంటే ఎక్కువ చెవి ఒగ్గింది పక్కింటి అక్క. వాళ్ళాయన మగ్గం నేసేవాడు, తను మా తాతయ్య పనిచేసే అద్దకం షెడ్డులోనే గుడ్డల మీద అచ్చులు అద్దేది. మొదటి కాన్పు, ఆరో నెల. రక్తం తక్కువగా ఉందని నర్సమ్మ ఇచ్చిన ఐరన్ మాత్ర మింగితే నోరంతా తుప్పు రుచి, వెంటనే వాంతి. మాత్రను అరచేతిలో పెట్టుకుని జెర్రిని చూసినట్టు చూసేది.

"ఏమే, మీ మావయ్య పళ్ళల్లో రక్తం పట్టేది ఏదన్నా ఉందా?" అని ఒకరోజు అడిగింది.

"ఎందుకు లేదక్కా. గోధుమ రంగువి మూడు తింటే ఒక మాత్రతో సమానం. అదే నారింజవైతే ఐదు కావాలి. అక్కడ డాక్టర్లు అసలు మాత్రలే రాయరు."

ఈ మూడూ ఐదూ ఎక్కడివో నాకూ తెలియదు. లెక్క చెబితే కథ గట్టిగా నిలబడుతుందని మాత్రం అప్పటికే తెలుసు. ఆ రోజు నుంచి పావడా కుచ్చెళ్ళలో దాచి రోజూ మూడు పళ్ళు అక్కకు చేరవేసేదాన్ని. ఆవిడ నా బుగ్గ గిల్లి, పళ్ళు తిని, మాత్రను ఖాళీ పౌడరు డబ్బాలో పడేసేది. వాంతులు తగ్గాయి. నేను వైద్యం చేస్తున్నాననే అనుకున్నాను.

నెల్లాళ్ళకు, ఒక మధ్యాహ్నం, అచ్చు చేతిలో ఉండగానే అక్క అద్దకం బల్ల పక్కన కూలబడిపోయింది. నర్సమ్మ వచ్చి కింది రెప్ప లాగి చూసింది. లోపల సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. ఇలాగే నొప్పులొస్తే తల్లికీ బిడ్డకీ కూడా ప్రమాదమేనని వాళ్ళాయనతో చెప్పింది. మాత్రలు వేసుకుంటోందా అని గట్టిగా అడిగితే పౌడరు డబ్బా బయటపడింది. మరి ఏం తిన్నావంటే పళ్ళు తిన్నానంది అక్క. ఎవరిచ్చారో మాత్రం చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు, ఆ పళ్ళు ఊళ్ళో ఇంకెవరింట్లోనూ లేవు.

నేను జ్వరమని ముసుగుతన్ని పడుకున్నాను. తాతయ్య నా నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. చల్లగా ఉందని తెలిసినా దుప్పటి సర్ది వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్న మాత్రం, "అమ్మడూ, మిగిలిన పళ్ళన్నీ తీసుకుని షెడ్డుకు రా" అన్నాడు.

వెళ్ళేసరికి అక్క అక్కడ పీట మీద కూర్చుని ఉంది. తాతయ్య ఆ షెడ్డులో నల్లరంగు చేసేవాడు. తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెడితే వచ్చే నీళ్ళే ఆ రంగు. కుండలో చూస్తే మడ్డినీళ్ళలాగే ఉంటాయి. కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద పడితేనే నల్లబడతాయి. ఇనుము ఎక్కడున్నా ఆ గుడ్డ పసిగట్టేస్తుంది.

ఆయన అలాంటి గుడ్డముక్క ఒకటి బల్ల మీద పరిచాడు. నాలుగు కొబ్బరి చిప్పలు తెచ్చి, మూడింట్లో మూడు రకాల పళ్ళు నలిపించాడు నాచేత. నాలుగో దాంట్లో అక్క పారేసిన మాత్ర ఒకటి నూరి నీళ్ళు కలిపాడు. వెదురు పుల్లతో ఒక్కొక్క దాన్నీ ముంచి నాలుగు గీతలు గీశాడు. గోధుమ పండు గీత జిగురుగా అంటుకుని అలాగే ఉండిపోయింది. నారింజది పసుపు మరకలా మిగిలింది. పుల్లది తడి ఆరిపోతే కనిపించను కూడా లేదు. నాలుగో గీత మాత్రం చూస్తుండగానే బూడిద రంగుకు తిరిగి, ఇంకాసేపటికి కాటుకలా నల్లబడింది.

తాతయ్య పుల్ల కడిగి పక్కన పెట్టాడు.

"పళ్ళల్లో బొత్తిగా లేదని కాదమ్మాయ్," అన్నాడు తాతయ్య అక్కతో. "ఉంటుంది, ఈ గుడ్డకు ఆననంత కొంచెం. ఒంటికి మంచిదే, తిను. కానీ ఇప్పుడు నీకు కావాల్సింది అది తీర్చలేదు."

నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే భరించలేకపోయాను. మూడూ ఐదూ నేనే కల్పించానని ఏడుస్తూ చెప్పేశాను. అక్క నల్లగీత మీద వేలితో రాసి చూసింది. తర్వాత నీరసంగా, "ఆ దూడల ముసలమ్మ కూడా లేదటే?" అంది.

"లేదక్కా."

"పాపిష్టిదానా, ఆవిణ్ణి తల్చుకునే కదే రోజూ ఈ షెడ్డు మెట్లెక్కుతున్నాను." అని నా జడ పట్టుకుని లాగింది. లాగి, దగ్గరికి తీసుకుంది.

అన్నం తిన్నాక నిమ్మరసంతో మాత్ర వేసుకోమంది నర్సమ్మ. మింగాక కడుపులో తిప్పుతున్నంతసేపూ పక్కన కూర్చుని కథ చెప్పడం నాకు వేసిన శిక్ష. మొదలుపెట్టే ముందు అక్క రోజూ అడిగేది, నిజమా కథా అని. కథ అంటేనే కాళ్ళు చాపుకుని వినేది. ఆ మూడు నెలల్లో నేనాడినన్ని అబద్ధాలు కృష్ణా జిల్లాలో ఎవరూ ఆడి ఉండరు. అక్క మాత్రం ఒక్క మాత్ర కూడా కక్కలేదు. బందరు ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా కులాసాగా ఇంటికొచ్చారు.

ఇప్పుడు ఆప్రికాట్లు సూపర్ మార్కెట్లో అట్టపెట్టెల్లో దొరుకుతున్నాయి. ఏ రకం తింటే ఏ జబ్బు పోతుందో వారానికొకరు మా బంధువుల గ్రూపులో పెడతారు. నిజమేనా పిన్నీ అని నన్నే అడుగుతారు, నేనైతే రుచిగా చెబుతానని. తినండర్రా, బావుంటాయి, మందులు మాత్రం మానకండి అని చప్పగా రాసి ఊరుకుంటాను. నేను కోతలు మానలేదు, మానను కూడా. కానీ నోట్లోకి వెళ్ళేదాని గురించి మాట్లాడేటప్పుడు నా నాలుక ఒక్క క్షణం ఆగుతుంది. నవ్వుకోడానికి వినేవాళ్ళు నా చుట్టూ ఎప్పుడూ పదిమంది ఉంటారు. వాళ్ళ మధ్యలో గత్యంతరం లేక నమ్మి వినేవాళ్ళు ఒకరుంటారు. ఆ ఒక్కరూ ఎవరో నాకు ఎప్పుడూ ముందుగా తెలియదు.