పెట్టె మీది దుమ్ము

ఆఫీసులో ఆమెను అందరూ జాతకాలక్క అంటారు. ఆమె జాతకం చెప్పేది మనుషులకు కాదు, ఒక ఆట పెట్టెకి. టీవీకి తగిలించి ఆడుకునే ఆ గేమ్ కన్సోల్ ఇంకా ఎన్నేళ్లు అమ్ముడుపోతుందో, ఏ ఏడు ఎన్ని పోతాయో ఏటా అంచనా వేసి ఇవ్వాలి. ఆ అంకెను బట్టే పక్క ఆవరణలోని ఫ్యాక్టరీలో ఎన్ని లైన్లు నడవాలో పైవాళ్లు తేలుస్తారు. అక్కడ మూడో లైనులో ఆమె చెల్లెలు కంట్రోలర్లకు మరలు బిగిస్తుంది.

తొమ్మిదేళ్లుగా అంకె తప్పలేదు. తప్పలేదనే ఆమె కూడా అనుకుంది.

శనివారాలు దుకాణాలు తిరగడం ఆమె అలవాటు. కొనేదేమీ ఉండదు, ఊరికే చూస్తుంది. ఆ శనివారం అరలో ఉన్న పెట్టె మీద చెయ్యి వేస్తే వేలికి బూడిదలా దుమ్ము అంటుకుంది. పెట్టె తిప్పి అడుగున ముద్ర చూసింది. ఫ్యాక్టరీ దాటి పదకొండు నెలలు.

"లోపల ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయా ఏంటమ్మా, కాలు పెట్టే చోటు లేదు," అని నవ్వాడు దుకాణదారు. "ఓ డజను పట్టుకెళ్లండి, కుర్చీల బదులు వేసుకోవచ్చు."

వెనక గదిలో పెట్టెలు పైకప్పును తాకుతున్నాయి. 

పెట్టె ఫ్యాక్టరీ గేటు దాటితే ఆమె లెక్కలో అమ్ముడుపోయినట్టే. ఈ పద్ధతి పెట్టింది ఆమే. చేరిన కొత్తలో, దుకాణాల నుంచి వివరాలు రావడం ఆలస్యమవుతోందని అలా మొదలుపెట్టింది. జనం ఎగబడి కొన్నంతకాలం గేటుకీ కొనేవాడి ఇంటికీ మధ్య రెండు వారాలే. ఇప్పుడా రెండు వారాలు ఏడాది కావస్తున్నాయి. ఆమె కాగితం మీద గీత మాత్రం పైకే పోతోంది.

మరో ఆరు దుకాణాల్లోనూ అదే దుమ్ము. ఇంటికొచ్చి లెక్క మూడుసార్లు సరిచూసింది. ఇలాగే తయారు చేస్తూ పోతే ఏడు నెలల్లో దుకాణాలన్నీ ఇక వద్దంటాయి. ఆ రోజు ఒక లైను కాదు, గేటే మూతపడుతుంది. ఇప్పుడు నిజం రాస్తే ముందు ఆగేది మూడో లైను. ఎటు రాసినా చెల్లెలి పని పోతుంది. చెప్పి ఆపుతారా, చెప్పకుండా ఆపుతారా అన్నదే తేడా.

సోమవారం మేనేజరు కాగితం చూసి, లేచి వెళ్లి తలుపు వేశాడు.

"దుకాణాల్లో పడి ఉన్నవి అని ఈ కొత్త గడి ఏంటి?"

"వాటిని ఎవరూ కొనలేదండి."

"తొమ్మిదేళ్లు లేని గడి ఇప్పుడెందుకు పుట్టింది?"

"తప్పు నాదేనండి. దిద్దుతున్నాను."

"పాత పద్ధతిలోనే వేసివ్వండి. గీత పైకి పోతుంటే ఎవరికీ నొప్పి లేదు." కాగితాన్ని సొరుగులో పెట్టి మెల్లగా అన్నాడు. "మీ చెల్లెలు మూడో లైనేగా?"

ఆమె తన బల్ల దగ్గరికొచ్చి ఆ కాగితం నకలు తీసి సంచిలో పెట్టుకుంది.

మధ్యాహ్నం క్యాంటీన్లో చెల్లెలు ఆమెను చూడగానే ఎగతాళి మొదలుపెట్టింది. "ఏంటక్కా ఆ ముఖం? నీ పెట్టెకి ఏలినాటి శని పట్టిందా?"

అక్క అంతా చెప్పింది. చెల్లెలు ముద్ద పళ్లెంలోనే వదిలేసింది.

"నువ్వు నోరు మూసుకుంటే నాకెన్నాళ్లుంది?"

"ఏడు నెలలు."

"తెరిస్తే?"

"మూడు నెలలో, నాలుగో."

"మరి తెరిచి నన్ను ఉద్ధరించేదేంటి?"

"వాళ్లు మీ చేతులు కావాలనుకుంటున్నప్పుడే మీరు ఏదైనా అడగగలరు. లైను ఆపేముందు మూడు నెలలు చెప్పాలని, వేరే పని చూపించాలని రాయించుకోండి. గేటు మూశాక మీ మాట ఎవడు వింటాడు?"

"నీ ఉద్యోగం ఊడుతుంది కదక్కా."

"అదే భయం. రెండు రోజులుగా తిన్నది ఒంటపట్టడం లేదు."

చెల్లెలు ఆ లెక్క కాగితం నకలు మడిచి జేబులో పెట్టుకుంది. మూడు రోజుల్లో మూడు లైన్ల ఆడవాళ్లు అర్జీ మీద సంతకాలు చేశారు. కొందరు భయపడి చెయ్యలేదు, వాళ్లను తప్పుపట్టలేం. అంచనా వేయించేది ఒకరు, అది తప్పితే రోడ్డున పడేది ఇంకొకరు. ఎప్పుడు పడతామో తెలుసుకునే హక్కయినా పడేవాళ్లకు ఉండొద్దా?

వాళ్లంతా పని ఆపేస్తామన్నాక మేనేజరు దిగొచ్చాడు. మూడు నెలల ముందు నోటీసు ఇస్తామని రాసిచ్చాడు. వేరే పని సంగతి చూస్తామన్నాడు. పైవాళ్లకు మాత్రం పాత గీతే పంపాడు. జాతకాలక్కను లారీల్లోకి పెట్టెలెక్కించే గోడౌనుకి మార్చారు.

ఇప్పుడు శనివారాలు లైను ఆడవాళ్లే దుకాణాలు తిరుగుతున్నారు. మొన్న చెల్లెలు గోడౌనుకి వచ్చి చూపుడువేలు చాపింది. దుమ్ము మందంగా ఉంది.

"నోటీసు వచ్చిందా?" అంది అక్క.

"ఇంకా లేదు."

అక్క ఆ వేలిని తన అరచేత్తో తుడిచింది. వెనక లారీ నిండుతోంది.