లక్ష్మీనరసయ్య బట్టీ పట్టిన నాలుగు వరుసలు

గిద్దలూరు బట్టల బజారులో లక్ష్మీనరసయ్య జ్ఞాపకశక్తికి ఎదురులేదు. కొనేవాళ్లకు తెలియకుండా అసలు ధరను చీర చీటీ మీద అక్షరాల్లో రాసుకోవడం ఆ దుకాణాల అలవాటు. ముప్పై ఏళ్లు ఆ అక్షరాలతో కాపురం చేసినవాడికి ఏ వరుసైనా ఒక్కసారి వింటే చాలు. ఆ తెలివే ఆయన కొంప ముంచింది.

షుగరుతో కంటి వెనక పొర దెబ్బతిని రెండు కళ్లూ మసకబారాయి. కుడికన్నయితే రెండేళ్లుగా ఉన్నా లేనట్టే. ఇంట్లో చెబితే దుకాణం మాన్పిస్తారని నోరు మెదపలేదు మహానుభావుడు. ఎర్రచీర అడిగిన ఆమెకు ఆకుపచ్చది మడిచి ఇస్తుంటే భార్య కోటిరత్నం పట్టుకుని, ఒంగోలు కంటాసుపత్రికి లాక్కెళ్లింది.

అక్కడ ముందున్న ముసలాయనతో డాక్టరమ్మ, "ఆలస్యమైంది తాతా, ఆపరేషన్ చేసినా లాభం లేదు" అనడం చెవిన పడింది. లక్ష్మీనరసయ్యకు భయం పట్టుకుంది. తననూ అట్లాగే పంపేస్తే? ముందువాళ్లు అక్షరాల బోర్డు చదువుతుంటే విని నాలుగు వరుసలు బట్టీ పట్టాడు. తన వంతు రాగానే, ఏ కన్ను మూయమన్నా అవే గడగడా అప్పజెప్పాడు.

"ఎప్పట్నించి మసక?"

"రెండు నెలలమ్మా."

"స్కాన్ చూస్తే భయంగానే ఉంది. కానీ ఇంత చూపు మిగిలింది కాబట్టి, ఆపరేషన్ అయ్యాక పేపరు చదువుకోవచ్చు" అంది ఆవిడ.

కుడికంటికి ఆపరేషనై మూడు నెలలు గడిచాయి. పేపరు మాట దేవుడెరుగు, ఎదుట చాపిన వేళ్లు ఎన్నో కూడా తెలియలేదు. కోటిరత్నం ఆసుపత్రి అదిరేలా కేకలేసింది.

"నాలుగు వరుసలు చదివిన మనిషిని గుడ్డోణ్ని చేసినావు గదమ్మా! నీ చెయ్యి పడిపోను!"

"ఎక్కడ పొరపాటు చేశానో నాకే తెలియడం లేదండీ" అంది డాక్టరమ్మ. కూతురి వయసు పిల్ల. లక్ష్మీనరసయ్యకు భూమి చీలి మింగేస్తే బాగుండుననిపించింది.

కళ్లు రెండూ మూసుకుని, తల నేలకు దించి, ఆ నాలుగు వరుసలూ ఒక్క అక్షరం తప్పకుండా చదివాడు.



"ఆ పొద్దు గూడా ఇట్లనే చదివినానమ్మా. రెండు నెలలు గాదు, రెండేండ్లు. పంపించేస్తావేమోనని భయపడినా. తప్పు నాది తల్లీ."

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఎడమకన్ను సంగతి తేల్చాలి కదా, బోర్డు మార్చి, కుడికన్ను మూసుకోమంది.

"ఈసారి కనబడిందే చెప్పండి."

లక్ష్మీనరసయ్య చాలాసేపు చూశాడు.

"పైన ఒకటి పెద్దది, 'ర' లాగుంది. కిందవి కనబడ్డం లేదమ్మా."

భార్య వైపు తిరిగే ముఖం లేక, ఆ ఒక్క అక్షరాన్నే చూస్తూ కూర్చున్నాడు.